కావలింటి జున్ను

బొల్లావును దొంగలు తోలుకుపోయారని ఊరిలో మొట్టమొదట కేక పెట్టింది నేనే. తెల్లవారి కొట్టంలోకి వెళ్తే గుంజ దగ్గర పలుపు తెగి పడి ఉంది. దాన్ని చేతిలో పట్టుకుని వీధిలోకి వచ్చి అరిచాను. ఆ తరువాత జరిగినదంతా ఆ అరుపు వెనకాలే నడిచింది కాబట్టి ఈ కథ చెప్పవలసినదాన్ని నేనే.

అది మాసి నెల, శివరాత్రి వచ్చే నెల. చిన్నమనూరు పక్కన మా మళ్ళలో వరి పసుపెక్కి, కొడవళ్ళు సానకు పోయిన రోజులు. కుంఫిణీవాళ్ళు పాళెగాళ్ళ కోటలు పడగొట్టి పదిహేనేళ్ళు దాటింది. కోటలు పోయినా కావలి మాత్రం పోలేదు. మా ఊరి కావలి పెరియకరుప్పన్‌ది. అంతకు ముందు వాళ్ళ నాయనది, తాతది. పంట నూర్చినప్పుడు ప్రతి కళ్ళంలోనూ గింజల్లో అతని పాలు అతనికి ఎత్తిపెట్టేవాళ్ళు. అందుకు బదులుగా ఊరి పైరూ పశువూ అతని పూచీ. పశువు పోతే వెతికి తేవాలి. దొరకకపోతే తన ఇంటి పశువును తెచ్చి మన గుంజకు కట్టాలి. దొంగ ఎవరైనా సరే, నష్టం మాత్రం అతనిది. తాతల నాటినుంచీ మాట అదే.

ఆ ఏడు ఊరు చీలి రెండు కట్చిలైంది. ఊరి పెద్దరికం చేసే మణియం రామరాజు నాయకరు కావలి ఉండాలనేవాడు. వద్దనే ఎదురు కట్చికి మా ఇంటాయనే పెద్ద. ఆయన పేరు నేను నోటితో అనేదాన్ని కాదు. మా ఇళ్ళల్లో ఏ ఆడదీ అనదు. ఒక్కసారి మాత్రం అన్నాను, అది తరువాత చెప్తాను.

సాయంత్రమైతే మా తిన్నె మీద పదిమంది చేరేవాళ్ళు. నేను తలుపు వెనక బియ్యం చెరుగుతూ వినేదాన్ని.

"కావలి కాసేదానికి గింజలిస్తాము. కాసేవాడే కాజేయకుండా ఉండేదానికి ఇంకా గింజలిస్తాము. దీన్ని కావలి అంటారా, భయమంటారా?" అనేవాడాయన.

ఎదురు కట్చి కోరిక ఇదీ. ఇంటికొక మనిషి వంతులవారీగా తప్పెట కొట్టుకుంటూ ఊరు తిరగాలి. తగువు వస్తే మణియం ఇంటి లోపల గుసగుసగా కాదు, చావడిలో పదిమంది ముందర విచారించాలి. సాక్షి లేకుండా ఎవరి కాళ్ళూ కొయ్యలో బిగించకూడదు. ఎంత గొప్పింటివాడైనా పిలిస్తే వచ్చి నిలబడి జవాబు చెప్పాలి.

రామరాజు నాయకరు ఒకరోజు దోవన పోతూ ఆగి, మా తిన్నె మీదివాళ్ళను చూసి నవ్వి, మా ఆయనను అల్లుడి వరసన పిలిచాడు. "మాప్పిళై, నీ తప్పెట బాగా మోగుతాది, ఒప్పుకుంటా. ఆవు పోతే ఆవును ఈనుతాదా నీ తప్పెట? నా కావలివాడు తెచ్చి కడతాడే" అన్నాడు. తిన్నె మీదివాళ్ళు కూడా నవ్వారు. మా ఆయన నవ్వలేదు.

నేను మటుకు మా ఆయన మాటే నిజమని నమ్మాను. పొల్లాచ్చి పక్క మా పుట్టింట్లో, కావలివాడి పాలు ఎత్తిపెట్టడం ఆలస్యమైన ఏడు, గడ్డివామి దానంతటదే అంటుకుంది. దానంతటదే అనే మా నాయన కూడా ఊరికి చెప్పాడు. ఆ మంట వెలుగులో మా నాయన ముఖం ఎట్లా ఉండిందో నాకు గుర్తుంది. అందుకే ఆ తిన్నె మీది మాటలు వింటుంటే, చేటలో బియ్యం మరిచిపోయేదాన్ని.

కోతలు ముగిసేలోపల తాసిల్దారు వస్తాడనీ, కావలి ఉంచుకుంటారా, మీ ఊరు మీరే కాచుకుంటారా అని ఊరిని అడుగుతాడనీ కబురు వచ్చింది. ఇళ్ళు లెక్కపెడితే రెండు కట్చిలూ సరిసమంగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు, నిండు చూలుతో ఉన్న మా బొల్లి మాయమైంది.

పెరియకరుప్పన్ ఎనిమిది రోజులు వెతికాడు. కొండ కింద మందలన్నీ చూశాడు. కంబం సంతలో నిలబడ్డాడు. చుట్టుపక్కల కావలివాళ్ళందరికీ కబురు పెట్టాడు. తొమ్మిదో రోజు మా వాకిట్లోకి వచ్చి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని మా అత్త వెంకటమ్మాళ్‌తో చెప్పాడు.

"దొంగల చేతిలో లేదు తాయీ. ఉంటే నాకు తెలిసిపోతాది. ఎట్లా పోయిందో నాకు అర్థం కాలేదు. అయినా మాట మాటే."

అతని వెనక ఆరాయి నిలబడి ఉంది. అతని పెండ్లాం. ఆమె చేతిలో పలుపు, పలుపుకు నల్లావు, దాని వెనక రెండు నెలల పెయ్య. వాళ్ళింట్లో పాలిచ్చేది అదొక్కటే. ఆరాయే దాన్ని మా గుంజకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

అంతటితో తీరిపోతుందని నేననుకున్నాను. ఎప్పుడూ అంతటితోనే తీరేది.

మర్నాడు చావడిలో జరిగినదాన్ని మా అత్త విని వచ్చి చెప్పింది. తాసిల్దారు కంటే ముందుగా వచ్చిన గుమాస్తా అక్కడ కూర్చుని ఉన్నాడట. తంజావూరు వైపునుంచి కొత్తగా వచ్చినవాడు. మా ఆయన లేచి, పోయిన ఆవుకు బదులు ఆవు కట్టింది నిజమా కాదా అని పెరియకరుప్పన్‌ను అడిగాడట. నిజమే అన్నాడు అతను. దొంగల చేతిలో ఉంటే నాకు తెలుస్తుందన్నది నిజమా కాదా అని అడిగాడట. నిజమే అన్నాడు. అప్పుడు మా ఆయన గుమాస్తా వైపు తిరిగి, "తప్పు చేయనివాడు తన ఆవును ఏంటికి ఇస్తాడు? దొంగలంతా తనకు ఎరుకని తన నోటితోనే అంటాండాడు. ఇంకేమి సాక్షి కావాలి?" అన్నాడట.

ఆ ఆవు ఎందుకు ఇచ్చాడో చావడిలో కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు. గుమాస్తాకు మాత్రమే తెలియదు. రామరాజు నాయకరు ఏదో చెప్పబోయి ఆగిపోయాడట. దొంగను కాపాడే మణియానికి మణియం ఊడిపోతుందని కొత్తగా తాకీదు వచ్చి ఉంది. చివరికి మణియమే దగ్గరుండి, పెరియకరుప్పన్ కాళ్ళు చావడి ముందున్న కొయ్య రంధ్రాల్లో పెట్టించి మీద దుంగ దింపించాడు. శుక్రవారం తాసిల్దారు వస్తాడు. సంకెళ్ళతో దిండిగల్లు పంపుతాడు. అక్కడినుంచి రోడ్డు పనికి.

"వాని కాళ్ళు లావు. దుంగ సరిగ్గా కూర్చోలేదు" అంది మా అత్త. ఆమె నోరు ఒక్క క్షణం ఊరకుండేది కాదు. ఆ రోజు ఆ ఒక్క మాట అని పొయ్యి దగ్గరికి పోయింది.

నల్లావు నాకు పాలు చేపలేదు. పెయ్యను వదిలినా, పొదుగు నిమిరినా, బిగబట్టుకుని నిలబడేది. రెండో రోజు పొద్దున ఆరాయి పిడికెడు గడ్డితో వచ్చింది. మా ఇళ్ళల్లో తిరిగి తిరిగి ఆమెకు మా తెలుగు బాగానే పట్టుబడింది. అడగకుండానే కొట్టంలోకి వచ్చి ఆవు మెడ మీద చెయ్యి వేసింది. చెంబులో పాలు పడ్డ చప్పుడైంది.

"దీని మీద కోపం పెట్టుకోవద్దు తాయీ. ఇల్లు మారిందని దానికేమి తెలుసు."

"కోపమేముంది."

"మా ఇంటాయన నిన్న కంజి తాగలేదు. కాళ్ళు వాచినాయి." ఆమె ఆవు మెడ గోకుతూనే ఉంది. "ఒక మాట అడుగుతా. మీ బొల్లిని మేమే తోలినామని నువ్వు నమ్ముతాండావా?"

నేను చెంబులోకి చూశాను. నురుగు అంచుదాకా వచ్చింది. నమ్మడం లేదంటే మా ఆయన అబద్ధమాడినట్టు. నమ్ముతున్నానంటే ఆమె చెయ్యి ఆవు మీదనుంచి తీసేస్తుంది.

"పాలు నిండినాయి ఆరాయి" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి వెళ్ళింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. మళ్ళీ మాత్రం ఏమీ అడగలేదు.

గురువారం పొద్దెక్కినాక కంబంనుంచి ఒక ముసలి పాలేరు వచ్చాడు. నెత్తిన కుండ, కుండకు అరటాకు వాసెన. మా ఆడబిడ్డ సీతమ్మాళ్ ఇంటి మనిషి. "అమ్మ పంపింది. దేవునికి" అని తిన్నె మీద దింపి, మజ్జిగ తాగి, నడిచిపోయాడు.

వాసెన విప్పాను. తాటిబెల్లం, మిరియాలు, గట్టిగా పేరిన పాలు. జున్ను.

మా వాళ్ళల్లో ఒక ఆచారముంది. పెయ్యగా ఉన్నప్పుడు ఆవుకు ఏ ఇంటి దేవుని ముందర మెడతాడు కట్టారో, ఆ ఆవు ఎక్కడ ఈనినా మొదటి జున్ను ఆ ఇంటి దేవునికే రావాలి. అమ్మినా సరే, అరణమిచ్చినా సరే. అది రాకముందు ఇంకెవరు నోట పెట్టినా పొదుగు ఎండుతుందని నమ్మకం. సీతమ్మాళ్‌కు మేము అరణంగా ఇచ్చింది ఎద్దులు. మా కొట్టంనుంచి వాళ్ళింటికి ఒక్క ఆవు కూడా పోలేదు.

కుండ ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా అత్త వచ్చి, వంగి, వేలితో తాకకుండా కళ్ళతోనే చూసింది. అది ఏ ఆవుదో ఆమెకు నేను చెప్పవలసిన పని లేకపోయింది. కత్తిపీట తెచ్చుకుని ఎప్పటిలాగే ముక్కలు కోసింది. ఒకటి దేవునికి. ఒకటి పశువులకాపరికి. ఒకటి చాకలింటికి. ఒకటి పక్కింటికి. చివరగా ఒకటి ఆకులో చుట్టి, అరటినారతో కట్టి, కిటికీ గూట్లో పెట్టింది. ఈనిన ప్రతి ఆవు జున్నులోనూ కావలింటికి ఒక పాలు ఉంటుంది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చాడు. అన్నం పెట్టి, ఆకు కొసన జున్ను ముక్క పెట్టాను. ఆయన చెయ్యి ఆగింది.

"ఎవరు తెచ్చినారు?"

"కంబంనుంచి."

కొట్టంలో నల్లావు గుంజకు ఒళ్ళు రాసుకుంటున్న చప్పుడు వినపడింది.

"సీతమ్మకు బుద్ధి లేదు" అన్నాడాయన మెల్లగా. "కోతలయ్యేదాకా తోటలో కట్టేసి నోరు మూసుకొని ఉండమంటిని."

"నోరు మూసుకొనే ఉండాది. దేవుని పాలు పంపింది, అంతే."

ఆయన నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. తిన్నె మీద మాట్లాడేటప్పటి చూపే. "విను. నీ పుట్టింటి వామి ఎవరు కాల్చినారో నీకు తెలుసు. ఈ వాడలో ఆ భయం పోయేదానికి ఈ ఒక్క ఏడే దోవ. తప్పితే ఇంక లేదు. ఒక మనిషి ఆరు నెలలు రోడ్డు పనికి పోతాడు, తిరిగి వస్తాడు. ఆరాయి ఇంటికి గింజలు నేనే పంపిస్తా. నాకు ఆ మనిషి మీద పగ లేదు."

"సాక్షి లేకుండా ఎవరినీ కొయ్యలో పెట్టకూడదని మీరే కదా అంటిరి."

"అది మనం గెలిచినాక."

అన్నం సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. జున్ను ముక్క ఆకు కొసన అట్లాగే ఉంది. నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఆయన చెడ్డవాడైతే ఇంత భయం వేసేది కాదు.

ఆకు తీసి బయట పడేసి వచ్చేసరికి మా అత్త గూటి కింద నిలబడి ఉంది. కొడుకు మాటలు విన్నదో లేదో నేను అడగలేదు. గూట్లోని పొట్లం చూపించి, "అది కావలింటిది. చెడిపోకముందే చేర్చు" అని పెరట్లోకి పోయింది.

శుక్రవారం పొద్దున్నే ఊరంతా చావడి దగ్గర ఉంది. తాసిల్దారు చాప మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్నాడు. పక్కన గుమాస్తా. ఒకవైపు రామరాజు నాయకరు, ఇంకోవైపు ఎదురు కట్చి మనుషులు, వాళ్ళ ముందు మా ఆయన. కొయ్య పక్కన నేల మీద ఆరాయి. సంకెళ్ళు ఒక గోనె మీద పరచి ఉన్నాయి. ఆడవాళ్ళు చావడిలోకి పోరు. దూరంగా గోడ నీడలో నిలబడతారు. నేను ఆ గోడ దాటి నడిచాను. నా కాళ్ళ కడియాల చప్పుడు నాకే గట్టిగా వినపడింది. ఎవరో "ఏమమ్మా, ఎక్కడికి" అన్నారు. ఆయన తల తిప్పి, నా చేతిలోని పొట్లం చూశాడు. వద్దని అనలేదు. అనడానికి సమయం ఉంది.

నేను ఆరాయి ఎదుట కూర్చుని ఆమెతోనే మాట్లాడాను.

"మా బొల్లి ఈనింది ఆరాయి. కంబంలో, మా ఆడబిడ్డ సీతమ్మాళ్ ఇంట్లో. కావలింటి జున్ను తెచ్చినా."

ఆరాయి పొట్లం అందుకోలేదు. నా ముఖమే చూస్తూ ఉంది. నారముడి నేనే విప్పి, ఆకు తెరిచి, పెరియకరుప్పన్ మోకాళ్ళ మీద పెట్టాను. తాసిల్దారు తమలపాకులు పక్కన పెట్టాడు.

గుమాస్తా గంటం ఎత్తాడు. "ఎవరీమె? ఏ ఇంటిదో, ఎవరి పెండ్లామో చెప్తేనే మాట రాసేది."

"తిరుమలమ్మాళ్" అన్నాను.

"ఎవరి పెండ్లాం?"

పక్కన ఎవరైనా చెప్తారని చూశాను. ఎప్పుడూ ఎవరో ఒకరు అందిస్తారు. ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. రామరాజు నాయకరు కూడా నేలవైపు చూస్తున్నాడు.

"పద్మనాభ" అన్నాను.

తాసిల్దారు గడ్డం గోక్కున్నాడు. ఆ జున్ను ఆ ఆవుదేనని ఏమి గుర్తు అని అడిగాడు. అప్పటిదాకా మాట్లాడని పెరియకరుప్పన్ ఆకును రెండు చేతులతో ఎత్తి మా ఆయన వైపు చాపాడు.

"సొంతగాడు రుచి చూసి చెప్పనీండి సామీ. వాళ్ళింటి పాలు వాళ్ళకు తెలీదా?"

ఎవరో ఫక్కున నవ్వి ఆపుకున్నారు. మా ఆయన ఆ ఆకును చూశాడు. తరువాత తన వెనక ఉన్నవాళ్ళను చూశాడు. చేయి చాచి తిని, కాదు అనవచ్చు. ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు ఆ కట్చిలో లేడు. నేను తల వంచుకుని కొయ్యలోని వాచిన పాదాలు చూస్తూ కూర్చున్నాను.

"చూడక్కరలేదు" అన్నాడాయన. "ఆవును నేనే తోలించినా. పలుపు నేనే కోసినా. దుంగ ఎత్తండి."

దుంగ ఎత్తినాక కూడా పెరియకరుప్పన్ చాలాసేపు లేవలేకపోయాడు.

తాసిల్దారు, ఇది మీ ఇంటి తగువు, మీరే తీర్చుకోండి అని గుర్రమెక్కి పోయాడు. తనను చావడిలో పదిమంది ముందరే విచారించమని అడిగింది మా ఆయనే. రామరాజు నాయకరు తన ఇంట్లో మెల్లగా సర్దేద్దామన్నాడు, ఈయన ఒప్పుకోలేదు. రెండు పూటలు ఎండలో నిలబడి, అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. తీర్పు ఇదీ. నల్లావు, పెయ్య వాళ్ళింటికి పోవాలి. బొల్లి, దాని దూడ కూడా వాళ్ళకే. నల్లావును నేనే తోలుకుపోయాను. ఆరాయి ముడి విప్పి, నా పలుపు నాకిచ్చేసి, ఆవుకు తన పలుపు కట్టుకుంది.

సీతమ్మాళ్ దగ్గరికి కుండ తిరిగి ఇవ్వడానికి పోయినప్పుడు ఆమె ఏడ్చింది. "ఎవరితోనూ ఒక్క మాట చెప్పలేదు వదినా. అన్న చెప్పినట్టే ఉంటిని. దేవుని పాలు ఎట్లా ఆపేది?" అంది. ఆమె తప్పేమిటో ఆమెకు చివరిదాకా తెలియలేదు. నేనూ చెప్పలేదు.

ఎదురు కట్చి పని అయిపోయిందనుకున్నాము. కాలేదు. అంతటి ఇంటివాడు పిలిస్తే వచ్చి నిలబడడం ఊరు అదివరకు చూడలేదు. కోతలు ముగిసి కళ్ళాలు ఊడ్చేనాటికి రామరాజు నాయకరే వంతుల కావలికి ఒప్పుకున్నాడు. పెరియకరుప్పన్ పాలు సగమైంది. ఆ సగానికి అతను వంతువాళ్ళకు దారులు చూపించాలి. ఇంటికొక మనిషి లెక్క చెప్పుకుంటూ వచ్చి, మా ఇంటి దగ్గర ఆగారు. పలుపు కోసిన చేతికి తప్పెట ఇవ్వకూడదని ఆయన కట్చివాళ్ళే అన్నారు. కాజేసేవాడు కాయకూడదని ఆయన పెట్టిన కట్టుబాటే అది.

అప్పటినుంచి దీపాలు పెట్టే వేళకు తప్పెట వీధిలో బయలుదేరేది. మా ఇంటి ముందరికి వచ్చేసరికి ఆగిపోయేది. నాలుగడుగులు ఉత్త కాళ్ళ చప్పుడు. పక్కింటి ముందు మళ్ళీ మోగేది. ఆ వేళకు ఆయన లోపల కూర్చుని, "తలుపు వెయ్యి" అనేవాడు. నాతో రోజంతా మాట్లాడే మాట దాదాపు అదొక్కటే.

మరుసటి ఏడు మాసి నెలలో ఆరాయి వచ్చింది. నెత్తిన కుండ, కుండకు అరటాకు వాసెన.

"బొల్లి ఈనింది. మీ దేవునిది తాయీ" అని తిన్నె మీద దింపింది. మెడతాడు మా ఇంట్లో కట్టిన ఆవు.

మా అత్త కత్తిపీట తెచ్చుకుని ముక్కలు కోసింది. అలవాటుగా ఒకటి ఆకులో చుట్టబోయి, నవ్వి, విప్పేసింది. మధ్యాహ్నం ఆయన ఆకు కొసన ఒక ముక్క పెట్టాను.

"ఎవరు తెచ్చినారు?"

"కావలింటినుంచి."

ఆయన అన్నమంతా తిని, చివరికి ఆ ముక్క చేతిలోకి తీసుకుని, కొంచెం కొంచెంగా తిన్నాడు.

దీపాలు పెట్టాను. తప్పెట వీధి మొదట్లో బయలుదేరింది. దగ్గరికి వచ్చింది. మా ఇంటి ముందు ఎప్పటిలాగే ఆగింది. కాళ్ళ చప్పుడు నాలుగడుగులు నడిచి పోయింది.

నేను గడప దగ్గర చెయ్యి తలుపు మీద వేసి నిలబడ్డాను. ఆయన వెయ్యమనలేదు.